హబీబ్ తన్వీర్‌కు నాలుగు లైన్లేనా?

సంపాదకుల వారికి,

జూన్ 8న మీ లోపలి పేజీలో హబీబ్ తన్వీర్ వర్ధంతి అని ఓ చిన్న వార్త వేశారు. ఆ రోజే రాద్దామనుకున్నాను కానీ ఇంట్లో పెళ్లి పనుల వల్ల పది రోజులు ఆలస్యమైంది. కోపం మాత్రం తగ్గలేదు.

అందులో ఆయన్ని 'సినీ నటుడు, ఉర్దూ కవి' అన్నారు. నాటకం అన్న మాటే లేదు! 'గాంధీ' సినిమాలో చిన్న వేషం వేశాడు, నిజమే. కవిత్వమూ రాశాడు. కానీ ఆయన యాభై ఏళ్లకు పైగా నాటకాలు రాసి, ఆడించి, తానే ముఖానికి రంగు వేసుకున్న మనిషి. 1954లో ఢిల్లీలో ఆడించిన 'ఆగ్రా బజార్' నజీర్ అక్బరాబాదీ అనే కవి గురించి. ఆ కవి మాత్రం స్టేజీ మీదికి ఒక్కసారీ రాడు. దోసకాయలు అమ్ముడుపోక దిగాలు పడ్డ ఒకతను, నా సరుకు మీద నాలుగు పాదాలు రాసివ్వండని కవులందరి వెంటా తిరుగుతాడు. రాసిచ్చేది నజీర్. బజారంతా ఆ పాటే పాడుతుంది. కవి గొప్పతనాన్ని దోసకాయల గంపతో చూపించాడండీ!

తర్వాత లండన్ వెళ్లి నాటకం చదువుకుని వచ్చాడు. వచ్చి ఏం చేశాడు? 1958లోనే తన ఛత్తీస్‌గఢ్ ఊళ్ల నుంచి నాచా అనే జానపద నాటకం ఆడే పల్లె కళాకారులను ఢిల్లీకి పిలిపించాడు. మరుసటి ఏడు నయా థియేటర్ పెట్టాడు. వాళ్లచేత హిందీ మాట్లాడించి, ఇక్కడ నిలబడు, అటు తిరుగు అని నేర్పిస్తే ఆట కుదరలేదు. తమ ఊళ్లో జీవం పోసి ఆడేవాళ్లు ఇక్కడ కట్టేసినట్టు అయిపోయారు. తప్పు తనదేనని ఒప్పుకోవడానికి ఆయనకు ఏళ్లు పట్టింది. వాళ్ల ఛత్తీస్‌గఢీలోనే మాట్లాడనిచ్చాక వచ్చిందే 1975 నాటి 'చరణ్‌దాస్ చోర్'. అబద్ధమాడనని గురువుకు మాటిచ్చి, ఆ మాట కోసం ప్రాణం పోగొట్టుకున్న దొంగ కథ. ఆ పల్లె యాసలోనే ఆడి 1982లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో నాటకోత్సవంలో బహుమతి గెలిచింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మన పాలమూరుకు ఈ మనిషి తెలియాలి. మొన్న ఫిబ్రవరిలో ఇక్కడ పిల్లల నాటక పోటీలు జరిగాయి. ఒక పల్లె బడి పిల్లలు ముంబై వలస మీద నాటిక వేశారు. అవ్వ వేషం కట్టిన పాప "ఏడికి పోతున్నవ్ బిడ్డా, ఈ యేడన్న ఉండరాదా" అంటుంటే నా పక్కన కూర్చున్న ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆట అయ్యాక న్యాయనిర్ణేత ఒకాయన మైకు పట్టుకుని, భావం బాగుంది గానీ భాష దిద్దుకోవాలమ్మా అన్నాడు. ఆ పాప ముఖం చిన్నబోయింది. నాకు ఇప్పటికీ మనసొప్పడం లేదు. యాస కోసం ఇంత కొట్లాడి రాష్ట్రం తెచ్చుకున్నాక కూడా పిల్లలకు ఈ మాట చెప్పాలా?

పోటీలకు హాలు దొరకడమే గగనం. మా పట్టణంలో కళల కోసమని కట్టిన భవనం రిసెప్షన్లకు, మీటింగులకు పోతోంది. లైట్లు సగం వెలగవు. అర్జీ పెడితే ఫైలు పైకి పంపామంటారు. కిన్నెర మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చేదాకా మన జిల్లాల్లోనే ఎంతమందికి పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగ వాద్యం తెలుసు? బయటివాళ్లు గుర్తిస్తే తప్ప మనం కన్నెత్తి చూడం. అధికారులదెంత తప్పో మీ జిల్లా పేజీదీ అంతే తప్పు. ఫ్లెక్సీల గొడవకు అర పేజీ ఇస్తారు, భాగోతానికి మూడు లైన్లు ఇవ్వరు.

మా ఊళ్లో ఒక భాగోతుల తాత ఉన్నాడు. చిన్నప్పుడు పెట్రోమాక్స్ వెలుతురులో, ముఖానికి అర్దళం పూసుకుని, తెల్లారేదాకా ఆయన ఆడుతుంటే చూశాను. బాలనాగమ్మ మొత్తం ఇప్పటికీ నోటికి వస్తుంది. ఇప్పుడు హైదరాబాదులో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్.

మీ వార్తకు సవరణ వేయండి. ఆ తాత దసరాకు ఊరికి వస్తాడు. మీ విలేకరిని పంపండి, ఇల్లు నేను దగ్గరుండి చూపిస్తాను.

- ఒక రిటైర్డ్ తెలుగు ఉపాధ్యాయుడు, మహబూబ్‌నగర్