బీరువాలో కాదు, పిల్లల చేతుల్లో ఉండాలి ట్యాబ్‌లు

పిల్లల స్థాయిని బట్టి ప్రశ్నలు మార్చే ట్యాబ్‌లు మా మనవరాలు చదివే ప్రభుత్వ పాఠశాలలో వారంలో ఒక్కరోజు కూడా సరిగ్గా బీరువా దాటి రావడం లేదు. ఆ పిల్ల ఏడో తరగతి. అర, మూడో వంతు కలిపితే ఐదింట రెండు అని రాసేది. లవాలు లవాలతో, హారాలు హారాలతో కూడేసేది. నలభై మంది ఉన్న క్లాసులో మాస్టారి కంట అది పడలేదు. ఆయన తప్పేం లేదు, సిలబస్ టెన్షన్ ఆయనది. ట్యాబ్ మాత్రం రెండు తప్పులకే పట్టేసి, కింది తరగతి భిన్నాలకు తీసుకెళ్లి, రొట్టె బొమ్మను ముక్కలు చేయించి, అర్థమయ్యాకే ముందుకు పంపింది. నాలుగుసార్లు తప్పినా పక్కన నవ్వేవాళ్లు లేరు. ఆ ధైర్యం చిన్నదా? ఢిల్లీలో 2015లో 619 మంది పిల్లల్లో సుమారు సగం మందికి ఇలాగే బడి అయ్యాక రోజూ గంటన్నర, సగం కంప్యూటర్‌తో, సగం టీచర్‌తో చెప్పిస్తే నాలుగున్నర నెలల్లోనే మిగతావాళ్లకంటే లెక్కల్లో, హిందీలో స్పష్టంగా మెరుగయ్యారు. ఇక్కడేమో సగం ట్యాబ్‌లకు చార్జింగ్ ఉండదు, పరీక్షలొస్తే ట్యాబ్ పీరియడే ఎత్తేస్తారు. విద్యాశాఖ ఈ పీరియడ్‌ను టైంటేబుల్‌లో వారానికి మూడుసార్లు తప్పనిసరి చేయాలి, మరమ్మతులకు మండలానికొక టెక్నీషియన్‌ను పెట్టాలి, ఏ పిల్ల ఎక్కడ ఆగిందో చెప్పే నివేదిక ప్రతి శనివారం టీచర్ చేతికి అందించాలి.