సుబ్బూ, లక్ష పెట్టకు, అలాగని మరీ అడుగుకూ దిగకు

హైదరాబాద్,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ సుబ్బూ,

ఏ లాప్‌టాప్ కొనాలని నువ్వు ఫోన్లో అడిగినదానికి రెండు ముక్కల్లో చెప్పేద్దామనుకున్నాను. ఇంతలో చెల్లెమ్మ కాఫీకి పిలిచింది, నువ్వు "మళ్లీ మాట్లాడదాంలే" అని పెట్టేశావు. తర్వాత ఆలోచిస్తే ఇది ఫోన్లో తేలే వ్యవహారం కాదనిపించింది. పైగా ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనిస్తావా ఏమన్నా? అందుకే కూర్చుని రాస్తున్నా. కళ్లజోడు పెట్టుకుని తీరిగ్గా చదువు.

నాకు అర్థమైనంతవరకు నీ గొడవ ఇదీ. డాలస్ నుంచి అల్లుడుగారేమో "మావయ్యగారూ, కొనేది ఒక్కసారే కదా, యాపిల్ వాళ్ల మ్యాక్‌బుక్ తీసేసుకోండి" అంటున్నారు. గుడివాడలో షాపతనేమో "మాస్టారూ, మీ వాడకానికి 28 వేలది చాలండీ, ఎందుకు దండగ" అంటున్నాడు. ఇద్దరూ నీ మంచి కోరే చెబుతున్నారు. ఇద్దరి మాటా వినకు.

ఇంత ధీమాగా ఎందుకంటున్నానంటే, ఆ రెండు గోతుల్లోనూ ఒకదాని తర్వాత ఒకటి పడి లేచినవాణ్ణి కాబట్టి.

2017లో మావాడి ఇంటర్ చదువు కోసమని మొదటి లాప్‌టాప్ కొన్నాను. 27 వేలు. కంపెనీ పేరు వద్దులే, తప్పు వాళ్లది కాదు, నాది. షాపులో కుర్రాడు "వెయ్యి జీబీ హార్డ్ డిస్క్ సార్" అన్నాడు. ఆ వెయ్యి అనే మాటకే మురిసిపోయాను. ర్యామ్, అంటే పని చేస్తున్నప్పుడు వాడుకునే మెమరీ, ఎంతుందో అడగాలని కూడా తెలియదప్పుడు. అది 4 జీబీయే. ఇంటికి తెచ్చాక చూడాలి దాని వైభోగం. పొద్దున్నే ఆన్ చేసి, పొయ్యి మీద పాలు పెడితే పాలు పొంగేవి గానీ అది మాత్రం తెరుచుకునేది కాదు. బ్రౌజర్ నొక్కితే ఆ గుండ్రటి చక్రం తిరుగుతూ ఉండేది, మనం దణ్ణం పెట్టుకుంటూ కూర్చోవడం. విండోస్‌ని తిట్టాను, యాంటీ వైరస్‌ని తిట్టాను, మావాడు గేములేవో ఎక్కించాడని వాణ్ణీ తిట్టాను.

అలా రెండేళ్లు భరించి, ఒకరోజు సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర కంప్యూటర్ కొట్లుండే సీటీసీకి తీసుకెళ్లాను. మెట్ల పక్కన చిన్న కొట్టు, అందులో పాతికేళ్ల కుర్రాడు. బల్ల మీద పేపర్ పరిచి, లాప్‌టాప్ బోర్లా పెట్టి, మరలన్నీ ఊడదీసి ఓ సీసా మూతలో వేసుకున్నాడు. లోపలి హార్డ్ డిస్క్ తీసి నా చేతిలో పెట్టాడు. చిన్న ఇనప పెట్టెలా బరువుగా ఉంది. "ఇందులో పళ్లెం తిరుగుతుంటుంది సార్, నిమిషానికి 5400 చుట్లు. మీరు ఏదడిగినా సూది వెళ్లి వెతికి తేవాలి. మీ నిదానమంతా ఇదే" అన్నాడు. దాని బదులు చాక్లెట్ బిళ్లంత తేలికైన 240 జీబీ ఎస్‌ఎస్‌డీ బిగించాడు. అందులో తిరిగేదేమీ ఉండదు, అంతా చిప్‌లలోనే దాస్తుంది. పాత సరుకంతా దాంట్లోకి ఎక్కించడానికి ఇంకో గంట. ఈలోగా కింద ఇరానీ చాయ్ తాగి వచ్చాను. స్విచ్ నొక్కితే పదిహేనో ఇరవయ్యో లెక్కపెట్టేలోగా తెర వచ్చేసింది. అదే లాప్‌టాప్, లోపల మెదడు లాంటి ప్రాసెసరూ అదే! రెండేళ్లు నేను తిట్టినవాళ్లందరికీ మనసులోనే క్షమాపణ చెప్పుకున్నా, మావాడికి తప్ప.

ఇక రెండో గొయ్యి. 2021లో ఇంటినుంచే ఆఫీసు పని. ఈసారి వెనకాడకూడదని 98 వేలు పోసి గేమింగ్ లాప్‌టాప్ తెచ్చాను. కీబోర్డు కింద ఎర్ర దీపాలు, అమ్మవారి జాతరలా ఉండేది. బరువు రెండున్నర కిలోలు, ఛార్జర్ ఇటుకరాయి. ప్లగ్ పీకితే రెండు గంటలకే కళ్లు తేలేసేది. ఎండాకాలంలో ఫ్యాన్ అందుకుందంటే పిండిమర పక్కన కూర్చున్నట్టే. ఒకసారి మీటింగులో మా మేనేజర్ "అక్కడ వానా అండీ?" అని అడిగాడు. ఇంతా చేసి దాంట్లో నేను చేసిందేమిటి? టాలీ, ఎక్సెల్, రాత్రిపూట ప్రవచనాలు. గేదెను కొని కట్టేసుకుని, వీధి చివరికెళ్లి పెరుగు ప్యాకెట్ తెచ్చుకున్నట్టుంది కదూ! చివరికి మావాడు హాస్టలుకి పట్టుకుపోయాడు. దాని అసలు యజమాని దగ్గరికి అది చేరింది.

ఇప్పుడు నీ సంగతికి వద్దాం. నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటో పెద్దది చేసి చూశాను. ఇంటెల్ వాళ్ల చవక రకం సెలెరాన్ ప్రాసెసర్, రెండే కోర్లు (అంటే లోపల పని చేసే విభాగాలు), 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, 15.6 అంగుళాల హెచ్‌డీ తెర. నిజం చెప్పాలంటే నా 2017 దానికన్నా నయమే. హార్డ్ డిస్క్ లేదు, ర్యామ్ ఫర్వాలేదు. ఒక్క పని చేసుకుంటూ పోతే నడుస్తుంది. కానీ నువ్వు ఒక్క పని చేసే మనిషివా? మనవరాలితో వీడియో కాల్‌లో ఉంటూనే దానికి చూపించడానికి ఫొటోలు తెరుస్తావు, పక్కన వాట్సాప్ ఉండనే ఉంటుంది. వంటింట్లో ఇద్దరే మనుషులుంటే పెళ్లి వంట సాగుతుందా, ఇదీ అంతే.

దానికన్నా నాకు భయం వేసింది తెర చూసి. వాళ్లు పెద్ద అక్షరాలతో వేసే ఆ 'హెచ్‌డీ' అంటే 1366 చుక్కలు అడ్డం, 768 నిలువు. ఫుల్ హెచ్‌డీ అంటే 1920, 1080. గుణించి చూడు, దాదాపు రెట్టింపు చుక్కలు. సినిమా చూసేవాడికి ఈ తేడా పెద్దగా తెలియకపోవచ్చు. నీకు తెలుస్తుంది, ఎందుకంటే నువ్వు తెలుగు టైపు చేస్తావు. ఇంగ్లీషు అక్షరం ఎంత చిన్నగా ఉన్నా చదివేయొచ్చు. మనకలా కాదే! ద కింద ఓ చిన్న గీత పడితే ధ, బ కింద పడితే భ, డ కింద పడితే ఢ. ఆపైన వత్తులు, వత్తు మీద వత్తు. 'స్త్రీ' అని 12 సైజులో కొట్టి ఆ పాత రకం తెర మీద చూస్తే కింద నల్లటి ముద్ద తప్ప ఏమీ కనబడదు.

నీకెప్పుడూ చెప్పలేదు, సిగ్గేసి. మా మేనకోడలి పెళ్లి శుభలేఖ నేనే ఆ మొదటి లాప్‌టాప్‌లో కొట్టి, నేనే ప్రూఫు చూసి ప్రెస్సుకి పంపాను. 300 కార్డులు అచ్చయి వచ్చాక చూస్తే 'బంధుమిత్రుల' బదులు 'బందుమిత్రుల' అని ఉంది! మా బావ వాటిని చూసి ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. తెర మీద ఆ గీత ఉందో లేదో నాకు కనపడితేగా. నువ్వు నలభై ఏళ్లు పిల్లల నోట్సుల్లో ఒత్తులు దిద్దినవాడివి. మీ ఊరి చరిత్ర రాయడానికి కూర్చుంటున్నావు. అలాంటి తెర నీ ఒంటికి పడదు.

కాబట్టి షాపుకెళ్లినప్పుడు ముందు తెర చూడు, ధర తర్వాత. లాప్‌టాప్ ఆన్ చేయించి, ఎదురుగా నిలబడి ఒకసారి, పక్కకి జరిగి ఒకసారి చూడు. పక్కనుంచి చూస్తే మొహాల రంగులు వెలిసిపోయినట్టు మారిపోతుంటే అది టీఎన్ అనే చవక రకం తెర. మంచం మీద పెట్టుకుని ఇద్దరూ సినిమా చూస్తే పక్కనున్న చెల్లెమ్మకి ఎన్టీఆరూ ఏఎన్నారూ ఒకేలా కనబడతారు. ఐపీఎస్ అనే రకం తెర అయితే ఎటునుంచి చూసినా రంగు పెద్దగా మారదు. వెలుతురు ఎన్ని నిట్సో అడుగు. మామూలుగా 250 ఉంటుంది, గదిలోకి చాలు. నువ్వు అరుగు మీద కూర్చుని రాసే రకం, 300 పైన ఉంటే మేలు. అద్దంలా మెరిసే తెర మాత్రం వద్దు, నీ మొహం నీకే కనబడుతుంది.

తర్వాత కీబోర్డు. షాపతను ఏమనుకుంటాడోనని మొహమాటపడకుండా కుర్చీ లాక్కుని పది లైన్లు కొట్టు. మధ్యలో వేలితో గట్టిగా నొక్కితే అప్పడంలా కిందికి వంగుతోందా, వదిలెయ్. కరెంటు పోయినప్పుడు కనబడేలా వెనక లైటు ఉంటే ఇంకా మంచిది. తెలుగు కీబోర్డు విండోస్‌లోనే వస్తుంది, ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు పడేది కూడా ఉంది. దానికోసం విడిగా డబ్బు అడిగితే ఇవ్వకు.

ప్రాసెసర్ పేర్లు మాత్రం పంచాంగం కన్నా కష్టం. అన్నీ నేర్చుకోనక్కర్లేదు, ఒక్క చిలిపి సంగతి చెబుతా. ఏఎండీ కంపెనీ ప్రాసెసర్లలో రైజెన్ 5 అనే పేరుతోనే 7520యూ అని ఒకటి, 7530యూ అని ఒకటి ఉన్నాయి. చూడ్డానికి ఒక్క అంకె తేడా. మొదటిదాంట్లో నాలుగు కోర్లు, రెండోదాంట్లో ఆరు. ఆ వరసలో మూడో అంకె లోపలి డిజైను ఏ తరానిదో చెబుతుంది. 2 అంటే 2019 నాటి జెన్ 2, 3 అంటే ఆ తర్వాతి జెన్ 3. బిల్లు మీద 'రైజెన్ 5' అని మాత్రమే రాస్తే ఒప్పుకోకు, అంకెతో సహా రాయించు. ఇంటెల్‌లో అయితే కోర్ ఐ3 1215యూ లాంటిదే నీకు బోలెడు, అందులోనే ఆరు కోర్లున్నాయి. చివర 'హెచ్' అక్షరం ఉన్నవాటి జోలికి పోకు. అవి ఎక్కువ కరెంటు తినే రకం, నా పిండిమరలో ఉన్నది అదే.

ర్యామ్ 8 ఉంటే గడిచిపోతుంది, 16 ఉంటే నాలుగైదేళ్లు దాని ఊసెత్తనక్కర్లేదు. అడగాల్సింది ఇంకోటుంది, "ఖాళీ స్లాట్ ఉందా, లేక ర్యామ్ బోర్డుకే అతికేశారా?" అని. అతికేసిందైతే రేపు పెంచుకోవాలన్నా కుదరదు. స్లాట్ ఉన్నా ఈమధ్య ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. ఏఐ కోసం కట్టే డేటా సెంటర్లు మెమరీ చిప్‌లన్నీ ఎగరేసుకుపోతున్నాయి. తర్వాత వేయిద్దాంలే అనుకోకుండా ఇప్పుడే 16 ఉన్నది చూసుకో.

ఇక అల్లుడుగారి మాట. ఆయన చెప్పిందాంట్లో అబద్ధమేమీ లేదు. మా పక్కింటి అమ్మాయి దగ్గర 2020 చివర్లో వచ్చిన, ఎం1 అనే చిప్ ఉన్న మ్యాక్‌బుక్ ఎయిర్ ఉంది, ఇవాళ్టికీ కొత్తదానిలా ఉంది. అసలు ఫ్యానే లేదు దానికి, చప్పుడు లేదు. ఉదయం ఛార్జి చేస్తే సాయంత్రం దాకా చూసుకోనక్కర్లేదు. తెర మీద మన ఒత్తులు ముత్యాల్లా ఉంటాయి. చూసి కాస్త కుళ్లుకున్నాను కూడా. అయితే 2025 మార్చిలో ఎం4 ఎయిర్ మన దగ్గర 99,900 రూపాయల దగ్గర మొదలైంది. ఆ ధరకి 16 జీబీ ర్యామ్ ఇచ్చారు గానీ దాచుకునే జాగా 256 జీబీయే, తర్వాత లోపల పెంచుకునే దారి లేదు. నీ దగ్గర డబ్బాడు పెన్‌డ్రైవ్‌లున్నాయి, వాటిని గుచ్చాలంటే అడాప్టర్ కొనాలి. అన్నిటికన్నా ముఖ్యం, స్కూలు వార్షిక సంచికలన్నీ నువ్వు అను అనే తెలుగు ఫాంట్లతో, పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో చేసినవే కదా. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. విండోస్‌లో అది ఇంకా కుంటుతూనైనా నడుస్తోంది. ఇప్పటి మ్యాక్‌లో నేరుగా నడవదు. ఇరవై ఏళ్ల సరుకు తెరవలేని లాప్‌టాప్ నీకెందుకు?

నీ గుణం కూడా నాకు తెలుసు. లక్ష రూపాయల వస్తువైతే దానికి ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పి బీరువాలో పెడతావు. మీ నాన్నగారు పాత టీవీకి తలుపులు చేయించి తాళం వేసేవారు గుర్తుందా? మనవరాలు వేసవికి వస్తే దాన్ని ముట్టుకోనివ్వవు. అయితే ఒక మాట, అల్లుడుగారు తన డబ్బుతో కొనిపెడతానంటే మాత్రం నోరు మూసుకుని తీసుకో.

సెకండ్ హ్యాండ్‌లో 15 వేలకి వస్తోందని ఎవరైనా అంటే జాగ్రత్త. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్, దాంతోపాటు మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు అయిపోయాయి. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో ఇంచుమించు ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటారు. నా 2017 దాంట్లో ఉన్నది ఆరో తరం. ఎస్‌ఎస్‌డీతో గుర్రంలా పరిగెత్తుతున్నదాన్ని పట్టుకుని బ్యాంకు పనులు మాన్పించాల్సి వచ్చింది.

మొన్న సీటీసీలోనే అడిగాను. ఆరు కోర్లు, 16 జీబీ, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ తెర, కిలోన్నర చిల్లర బరువు, అన్నీ కలిపి 50 వేలకి అటూ ఇటూగా చెబుతున్నారు. 18 శాతం జీఎస్‌టీ అందులోనే. వారంటీ మనింటికి వచ్చి చేసేదో, మనమే మోసుకెళ్లేదో కనుక్కో. రెండో రకమైతే ప్రతిసారీ నువ్వు విజయవాడ బస్సెక్కాలి. వర్డ్ లాంటివి వాళ్లు ఊరికే ఇస్తే సరే, లేకపోతే లిబ్రే ఆఫీస్ వేసుకుందాం, డబ్బు కట్టక్కర్లేదు. మిగిలిన దాంట్లో ఓ చిన్న ఎక్స్‌టర్నల్ డిస్క్ కొను. నీ ఊరి చరిత్ర రెండు చోట్ల ఉండాలి. లాప్‌టాప్ పోతే ఇంకోటి వస్తుంది, మీ కరణంగారి మనవడు చెప్పిన ముచ్చట్లు మళ్లీ ఎవరు చెబుతారు, ఆయనకిప్పుడు తొంభై దగ్గర పడలేదూ?

వచ్చే శనివారం విజయవాడలో పెళ్లికొస్తున్నాను, ఆదివారం పొద్దున్నే గుడివాడలో దిగుతా. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకు. చెల్లెమ్మని పెసరట్లు పోయమను. ఆ పేజ్‌మేకర్ సీడీ ఏ అటక మీదుందో ఈలోపే వెతికి పెట్టు.

ఇట్లు,
నీ మూర్తి

తా.క.: ఉత్తరం మొత్తం ఆ 2017 దాని మీదే కొట్టాను. ఒత్తులెక్కడైనా పోతే తెరని తిట్టు, నన్ను కాదు.