ఆ దీవిలో దయ్యాల్లేవు, చరిత్ర ఉంది

వెనిస్ పక్కన, మన పులికాట్ లాంటి ఉప్పునీటి సరస్సులో పాడుబడి ఉన్న పొవేలియా దీవిని మీ ఆదివారం అనుబంధం ‘దయ్యాల దిబ్బ’గా తేల్చేయడం సరికాదు. 1379లో జెనోవా నగర రాజ్యంతో వెనిస్‌కు జరిగిన యుద్ధం వల్ల అక్కడి జనాన్ని ఖాళీ చేయించారు. 1793లో ఓడల్లో ప్లేగు కనబడితే రోగులను ఆ దీవిలోనే విడిగా ఉంచారు. 1922 నుంచి 1968 దాకా అక్కడ ఆసుపత్రి నడిచింది. ఇందులో దయ్యమెక్కడ? మొన్న మన కృష్ణా నదిలోని భవానీ ద్వీపానికి వెళ్లే పడవలో ఇద్దరు కుర్రాళ్లు ఆ కథనం చూపించుకుంటూ, ‘ఇక్కడా రాత్రిళ్లు అరుపులట’ అని వీడియో తీస్తున్నారు. నాకైతే ఇంజను రొద తప్ప ఏమీ వినబడలేదు! ఇకపై ఇలాంటి కథనం వేస్తే, పక్కనే తేదీలతో నాలుగు వాక్యాల చరిత్ర కూడా వేయండి. పర్యాటక శాఖ మన రేవు దగ్గర భవానీ ద్వీపం చరిత్రతో తెలుగు బోర్డు పెట్టాలి.

– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ