సంక్షేమ శాఖ మంత్రి గారికి ఒక తల్లి బహిరంగ లేఖ: మా పిల్లలకు సంగీతం టీచర్‌ను ఇవ్వండి

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. మా గురుకులంలో సంగీతం టీచర్ లేరని కలెక్టరేట్‌లో అర్జీ పెట్టాం, మీ పేషీకీ పంపాం. "సంబంధిత అధికారులకు పంపించాం" అన్న జవాబు తప్ప ఇంకేదీ రాలేదు. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వస్తోంది.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. టైంటేబుల్‌లో సంగీతం పీరియడ్ ఇప్పటికీ ఉంది. ఆ గంటలో లెక్కలు చెబుతున్నారు. హార్మోనియం స్టోర్ రూంలో బియ్యం బస్తాల వెనక పడి ఉంది. పేరెంట్స్ మీటింగ్ రోజు అడిగి చూశాను. తిత్తిని ఎలకలు కొరికేశాయి, కొన్ని మెట్లు నొక్కితే మళ్లీ పైకి లేవవు.

టీచరమ్మ ఉన్నప్పుడు స్టడీ అవర్‌కు ముందు అందరినీ హాల్లో కూర్చోబెట్టి పాడించేవారు. నాట్లప్పుడు అమ్మమ్మలు పాడే పాటలు ఎవరికి వచ్చినవి వాళ్లు పాడేవారట. కొత్తగా చేరిన ఐదో తరగతి పిల్లలు ఇంటి బెంగతో అన్నం ముట్టరు కదా, వాళ్ల చేతికి డప్పిచ్చి దరువు వేయమనేవారు. ఎవరితోనూ మాట్లాడని ఒక పిల్ల "ఉయ్యాలో" అని వంత పాడుతూనే మెల్లగా నోరు విప్పిందని మా అమ్మాయి చెప్పింది. కాంట్రాక్టు అయిపోయింది, ఆమె వెళ్లిపోయారు. ఆ తర్వాత ఎవరూ రాలేదు.

ఇది ఉత్త కాలక్షేపం కాదు మంత్రి గారూ. పాడేటప్పుడు ఊపిరి నిదానంగా వదులుతాం, గుండె దడ తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2019లో 3000కు పైగా అధ్యయనాలు చూసి, కళలు మానసిక ఆరోగ్యానికి తోడ్పడతాయనే చెప్పింది. కుంగుబాటుకు మామూలు చికిత్సతో పాటు సంగీత చికిత్స కూడా ఇస్తే, కొంతకాలం వరకైనా మేలు ఎక్కువని, వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే కోక్రేన్ సంస్థ 2017 సమీక్ష తేల్చింది. డాక్టర్ బదులు పాట చాలని నేననడం లేదు. డాక్టర్ దాకా పోకముందే పిల్లకు ఓ ఆసరా ఉండాలంటున్నాను.

హాస్టల్ గోడ మీద ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 పోస్టర్ అంటించారు. మంచిదే. కానీ పిల్లల దగ్గర ఫోన్ ఉండనివ్వరే! రాత్రిపూట ఏడుపొస్తే ఎక్కణ్నుంచి చేయాలి? వార్డెన్‌ను లేపాలంటే భయం. వచ్చిన పాటను దుప్పటి కింద సన్నగా పాడుకోవడానికైతే ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ పాట నేర్పే మనిషినే అడుగుతున్నాం.

ఏ గురుకులంలో ఏ పిల్లకు ఏమైందని వార్త వచ్చినా, మా అమ్మాయి గొంతు ఫోన్‌లో వినేదాకా నాకు ముద్ద దిగదు. ప్రతిసారీ కౌన్సెలింగ్ అంటారు, కమిటీ అంటారు. నాలుగు రోజులకు మళ్లీ అదే పరిస్థితి.

కాంట్రాక్టో, పర్మినెంటో, టీచర్‌ను వేయండి. ఆ పీరియడ్‌ను లెక్కలకు ఇవ్వొద్దని ఒక్క సర్క్యులర్ పంపండి. హార్మోనియం సంగతి మాకు వదిలేయండి, తల్లిదండ్రులం చందాలు వేసుకుని బాగుచేయిస్తాం. టీచర్‌ను మాత్రం మేం తేలేం. దసరా సెలవుల తర్వాత పిల్లలు తిరిగొచ్చేలోపు వేయండి, దండం పెడతాను.

ఇట్లు,
ఒక గురుకుల విద్యార్థిని తల్లి