చంద్ర అంటే చంద్రుడు కాదమ్మా

అమ్మకు,

ఆదివారం ఫోన్ మధ్యలోనే కట్ అయిపోయింది. నువ్వు అడిగిన రెండు ప్రశ్నలు అలాగే ఉండిపోయాయి. ఫోన్‌లో అయితే హడావిడిగా చెప్పేస్తానని, తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

“రాత్రంతా టెలిస్కోప్ దగ్గరే ఉంటావా, నిద్ర పాడుచేసుకోకు” అన్నావు. లేదమ్మా. నేను వాడే ‘చంద్ర’ టెలిస్కోప్‌ని నేను ఎప్పుడూ చూడలేదు, ఇక చూడలేను కూడా. 1999 జులై 23న కొలంబియా అనే అంతరిక్ష నౌకలో పైకి వెళ్లిపోయింది. భూమి చుట్టూ బాగా సాగిన దారిలో తిరుగుతూ, చంద్రుడి దూరంలో మూడో వంతు దాకా పోయి వస్తుంది. ఒక్క చుట్టుకి దాదాపు 64 గంటలు. అది పంపిన లెక్కలను నేను పగటిపూట కంప్యూటర్ మీద చూసుకుంటాను, అంతే. నిద్ర బాగానే పోతున్నాను.

రెండోది, చంద్ర అన్నాం కాబట్టి చంద్రుణ్ణి చూస్తుందా అని. ఆ పేరు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌ది. ఆయన్ని తోటివాళ్లు చంద్ర అనే పిలిచేవారు. 1930లో, ఇంకా ఇరవై నిండకుండానే, ఇంగ్లండ్ వెళ్లే ఓడలో కూర్చుని, చల్లారిపోయే నక్షత్రం తన బరువును తానే ఎంతవరకు మోయగలదో లెక్క కట్టారు. సూర్యుడికి సుమారు 1.4 రెట్లు. ఆ హద్దు దాటితే కుంగిపోవాల్సిందే. 1983లో నోబెల్ వచ్చింది. అయితే నీ ఊహ పూర్తిగా తప్పు కాదు. 2001లో ఈ టెలిస్కోప్ నిజంగానే చంద్రుణ్ణి కూడా చూసింది. సూర్యుడి ఎక్స్‌రేలు తగిలి అక్కడి రాళ్లలోని ఆక్సిజన్, సిలికాన్, అల్యూమినియం మెరవడాన్ని పట్టుకుంది.

అంత పైకి ఎందుకంటే, ఇది చూసేది ఎక్స్‌రేలను, అవి నేల దాకా రావు. దారిలోనే గాలి మింగేస్తుంది. మనం బతికి ఉండటానికి అది మంచిదే, కానీ కింద ఎంత పెద్ద టెలిస్కోప్ కట్టినా ఇవి మాత్రం కనపడవు. 1962లో ఒక చిన్న రాకెట్ కొద్ది నిమిషాలు గాలి పైకి వెళ్లినప్పుడు వృశ్చిక రాశి వైపు నుంచి ఎక్స్‌రేలు వస్తున్నాయని మొదటిసారి తెలిసింది. ఆ ప్రయోగం నడిపిన రికార్డో జకోనీయే 1976లో ఇంకొకరితో కలిసి ఈ టెలిస్కోప్ కావాలని అడిగారు. ఎగిరేసరికి 23 ఏళ్లు పట్టింది.

దీని అద్దాలు మనం అనుకునే అద్దాల్లా ఉండవు. ఎక్స్‌రే ఎదురుగా తగిలితే అద్దంలోకి దూరిపోతుంది. అందుకే ఒకదానిలో ఒకటి పెట్టిన పీపాల్లా ఉంటాయి. చెరువు మీద ఏటవాలుగా విసిరిన పెంకులాగా కిరణం వాటి లోపలి గోడకు రాసుకుంటూ పోయి ఒక చోట చేరుతుంది. అలా చేరేవి ఎంత తక్కువో చెబితే నమ్మవు. దక్షిణాకాశంలో ఒక చిన్న ముక్కను ఏళ్ల తరబడి విడతలు విడతలుగా, మొత్తం 70 లక్షల సెకన్లు, అంటే దాదాపు 81 రోజులు చూశారు. అంతసేపు చూసినా అక్కడి మసక చుక్కల నుంచి వచ్చిన ఎక్స్‌రే కణాలను చేత్తో లెక్కపెట్టవచ్చు. చాలా చుక్కల వెనక ఒక్కో బ్లాక్ హోల్ ఉంటుంది. నేను చేసేది ఆ లెక్కే.

నాకు బెంగ ఎక్కడంటే, అది ముసలిదైపోయింది. ఐదేళ్లకని చేసినది పాతికేళ్లు దాటింది. హబుల్ అనే ఇంకో అంతరిక్ష టెలిస్కోప్ అద్దం తేడాగా ఉంటే 1993లో మనుషులు వెళ్లి బాగుచేసి వచ్చారు. దీని దాకా అలా వెళ్లి బాగుచేయడం కుదరదు. పైకి వెళ్లిన కొత్తలోనే, భూమి చుట్టూ ఉన్న రేడియేషన్ పట్టీల్లోంచి వెళ్తున్నప్పుడు కెమెరా చిప్‌లు దెబ్బతిన్నాయి. అప్పటి నుంచి ఆ చోటు దాటే ప్రతిసారీ కెమెరాని పక్కకి జరుపుతారు. ఇప్పుడు ఎండకి దాని పై తొడుగు పాడై, ఒకే వైపు ఎక్కువసేపు తిరిగి ఉంటే లోపల వేడెక్కిపోతుంది. అందుకని అమెరికాలోని మసాచుసెట్స్ నుంచి దీన్ని నడిపేవాళ్లు కాసేపు ఇటు, కాసేపు అటు తిప్పుతూ, వేడెక్కిన భాగం చల్లారేలా ప్రతి వారం టైంటేబుల్ వేస్తారు. మంచాన ఉన్న పెద్దవాళ్లను పుండ్లు పడకుండా పక్కకి ఒత్తిగిలించినట్టు. ఆ పని చేసేవాళ్ల పేర్లు పేపర్లలో రావు. వాళ్లంటే నాకు చాలా గౌరవం. 2024లో దీని బడ్జెట్ బాగా తగ్గించాలని ప్రతిపాదన వచ్చినప్పుడు వారం పాటు నాకు అన్నం సయించలేదు. నీకు అప్పుడు చెప్పలేదు.

నేను అడిగిన లక్ష సెకన్లు ఈసారి ఇచ్చారమ్మా. రెండేళ్లు కాదన్నాక. ఒక్క రోజుకి కొంచెం ఎక్కువ, అంతే. వేడి వల్ల ఒకేసారి కుదరదని నాలుగు ముక్కలు చేశారు. రెండు వచ్చాయి. నేను వెతుకుతున్న చోట పదకొండు కణాలు ఉన్నాయి. 2000లో ఎవరో వేరే పని కోసం తీసిన పాత డేటా అందరికీ తెరిచే ఉంటుంది కాబట్టి తీసి చూశాను. అదే చోట అప్పుడు మూడు.

మూడో ముక్క వచ్చే నెల 9న. ఆ రోజు నేను ఫోన్ ఎత్తకపోతే టెన్షన్ పడకు.

నీ పెద్దమ్మాయి