టవరెక్కే మనిషిని ఎవరు పట్టించుకుంటారు?

సంపాదకులు గారికి,

సెల్ టవర్ల రేడియేషన్ గురించి చర్చ వస్తే చుట్టుపక్కల ఇళ్లవాళ్ల గురించే మాట్లాడతాం. పైకెక్కి పనిచేసేవాడు ఎవరికీ గుర్తుకు రాడు. పన్నెండేళ్లు నేను చేసిన పని అదే. బెల్టు బిగించుకుని నిలబడితే యాంటెన్నా ప్యానెల్ సరిగ్గా నడుము ఎత్తున, జానెడు దూరంలో ఉండేది. 'ఐదు నిమిషాల పనేగా, సిగ్నల్ ఆపొద్దు' అని కింద నుంచి ఫోన్.

వృషణాలు ఒంటి వేడి కన్నా 2 నుంచి 4 డిగ్రీలు చల్లగా ఉంటేనే వీర్యకణాలు సరిగా తయారవుతాయి. బలమైన రేడియో తరంగాలు కణజాలాన్ని వేడెక్కిస్తాయి. అంతర్జాతీయ మార్గదర్శకాలు ఉద్యోగుల ఒంట్లోకి ఇంకే రేడియో శక్తిని ఒళ్లంతటికీ సగటున కిలో బరువుకు 0.4 వాట్ల వరకు అనుమతిస్తాయి. సాధారణ ప్రజల పరిమితికి ఇది ఐదు రెట్లు! శిక్షణ, పర్యవేక్షణ ఉంటాయన్న భరోసాతో ఇచ్చిన వెసులుబాటు అది. ఆ శిక్షణ మాకు ఏనాడూ ఇవ్వలేదు.

నార్వే నౌకాదళంపై 2008లో వచ్చిన అధ్యయనంలో, యాంటెన్నాల దగ్గర ఎక్కువగా పనిచేశామన్నవారిలో సంతానలేమి ఎక్కువగా కనిపించింది. వాళ్ల నోటిమాటే ఆధారం కాబట్టి తుది రుజువు అనలేం. అలాగని పక్కన పెట్టేయడమూ తప్పే.

ప్యానెల్ ఆపినట్టు రాతపూర్వకంగా తెలిస్తేనే మనిషిని ఎక్కించాలి. రేడియేషన్ ఎక్కువైతే హెచ్చరించే, ఛాతీకి తగిలించుకునే మీటరు ప్రతి ఒక్కరికీ ఇవ్వాలి. పిల్లల కోసం చూస్తున్నవారు కోరితే, పేరు బయటపడకుండా వీర్యపరీక్ష చేయించాలి. వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది కనుక, తేడా ఉంటే మూడు నెలలు జీతం కోయకుండా నేలమీద పని ఇచ్చి మళ్లీ పరీక్షించాలి.

– ఒక మాజీ టవర్ టెక్నీషియన్