అమికాసిన్ పడే రోజుల్లో నీ కంచం

నాన్నా,

సోమవారం నుంచి అమికాసిన్ ఇంజెక్షన్లన్నావు. మామూలు మందులకు లొంగని టీబీ కాబట్టి తప్పదు. అది చెవికి ఏం చేస్తుందో, అందులో తిండి వాటా ఎంతో తెలుసుకుని మొదలుపెట్టు.

లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే హెయిర్ సెల్స్‌లోకి ఈ మందు చేరి, వాటిని చంపే ఫ్రీ రాడికల్స్‌ను పుట్టిస్తుంది. ఒకసారి చచ్చిన కణం మళ్లీ పుట్టదు. ఫ్రీ రాడికల్స్‌ను అణచే గ్లూటాథయోన్‌ను ఒళ్లు ప్రొటీన్ నుంచే తయారుచేసుకుంటుంది. ఇదే జాతి మందు జెంటామైసిన్‌తో గినీ పందుల మీద ప్రయోగాలు చేశారు. ప్రొటీన్ తక్కువ పెట్టినవాటికి విడిగా గ్లూటాథయోన్ ఇస్తే చెవి కొంత నిలిచింది. బాగా తిన్నవాటికి దానివల్ల అదనంగా ఒరిగిందేమీ లేదు. అందుకే లోటు పూడ్చుకో చాలు, యాంటీఆక్సిడెంట్ మాత్రలు కొనకు.

నీ 50 కిలోలకు రోజుకు 60 నుంచి 75 గ్రాముల ప్రొటీన్ కావాలి. మూడు గుడ్లలో 18, రెండు పెద్ద గ్లాసుల పాలలో 16, 100 గ్రాముల చికెన్‌లో 20, 50 గ్రాముల కందిపప్పులో 11, గుప్పెడు వేరుశెనగల్లో 7. వికారంగా ఉంటే ఒక్కసారే తినకు, ఆరుసార్లుగా తిను. లీవోఫ్లాక్సాసిన్ అనే ఇంకో టీబీ మాత్ర కూడా రాస్తే దానికీ పాలకూ మధ్య రెండు గంటలు ఎడం ఉంచు, లేకపోతే మందు సరిగ్గా ఒంటబట్టదు. టీబీ ఉన్నవాళ్ల తిండికి ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ పథకం కింద నెలకొచ్చే 1000 రూపాయలు గుడ్లకే వాడు.

అన్నిటికంటే నాకు భయం నీళ్ల గురించి. ఈ మందు బయటికి పోయే దారి కిడ్నీలే. వాంతులో విరేచనాలో అయి ఒళ్లు ఎండిపోతే మందు రక్తంలో పేరుకుంటుంది, చెవికి ముప్పు పెరుగుతుంది. అలాంటి రోజు తర్వాతి ఇంజెక్షన్‌కు ముందే డాక్టర్‌కు చెప్పు. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ నీ అంతట నువ్వు వేసుకోకు, అదీ కిడ్నీనే కొడుతుంది. పొటాషియం, మెగ్నీషియం కూడా పడిపోవచ్చు. ఆకుకూరలు, నువ్వులు, అరటిపండు తిను, కానీ రక్తపరీక్షలో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగిందంటే అరటిపండు, కొబ్బరినీళ్లు డాక్టర్‌ను అడిగాకే.

డోసు బరువును బట్టి వేస్తారు, కాబట్టి నెలనెలా తూయించుకో.

ఎంత బాగా తిన్నా చెవికి పూర్తి కాపలా ఉండదు. మొదటి ఇంజెక్షన్‌కు ముందు ఒకసారి, ఆ తర్వాత ప్రతి నెలా ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, తీయించుకో. 8000 హెర్ట్జ్ దాకా చూడమను. ముందు పోయేది కీచు శబ్దాలే, మాటలు బాగానే వినపడుతుంటాయి గనక నీకు తెలియదు. చెవిలో గుయ్‌మన్నా, నడకలో తూలినా అదే రోజు చెప్పు. మందు ఆపాక కూడా అది చెవిలో కొన్నాళ్లు నిలుస్తుంది, అప్పుడూ పరీక్ష మానకు.

మొదటి ఆడియోగ్రామ్ కాగితం ఫొటో తీసి పంపు.

అమ్మ